మేబెల్ గోదావరి సాక్ష్యం

బాప్తిస్మం గురించి మేబెల్‌కు తెలియనిది ఈ భూమి మీద ఏదీ లేదు. నేరేడ్‌మెట్ సంఘంలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. వేదిక కింద పలకలు తీస్తే కనిపించే తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో, ట్యాంకరువాడు ఎంత తక్కువ పోసి ఎంత ఎక్కువ పోశానని ఒట్టేస్తాడో, మూడో మెట్టు మీద పాచి ఎక్కడుంటుందో, మునిగి లేచాక ఎవరు ఏడుస్తారో ఎవరు తుమ్ముతారో ఆమె ముందే చెప్పగలదు. బాప్తిస్మమిచ్చే యోహానే సికింద్రాబాద్ స్టేషన్లో దిగి, ఆటో మాట్లాడుకుని వచ్చి, అమ్మా మేబెల్, ఈ ఏడు తెల్లంగీలు ఎన్ని కుట్టించాలి అని అడిగినా సంఘంలో ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆమెకు తెలియనిది ఒక్కటుంది. ఆ నీళ్లలో మునిగితే ఎలా ఉంటుందో తెలియదు. ఎందుకంటే ఆమె ఎప్పుడూ మునగలేదు.

మేబెల్ పుట్టింది కొవ్వూరులో, లూథరన్ ఇంట్లో. అక్కడ పసిగుడ్డుగా ఉండగానే పాదిరిగారు గిన్నెలో వేళ్లు ముంచి నుదుట మూడు చుక్కలు పెడితే బాప్తిస్మం అయిపోయినట్టే. ఆమె మెట్టినింటివాళ్లు బాప్టిస్టులు. వాళ్ల దగ్గర చుక్కలు చెల్లవు. వయసొచ్చాక, తప్పులు నలుగురిలో ఒప్పుకుని, నిండా మునగాలి. మునగనివాళ్లకి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. అందుకే పెళ్లిచూపులనాడు, కాబోయే అత్తగారు దేవమ్మ స్వీటు కూడా ముట్టుకోకుండా అదే ముందు అడిగింది.

"చుక్కల బాప్తిస్మమా, ముంచిన బాప్తిస్మమా? చుక్కలైతే ఇప్పుడే చెప్పెయ్యండి. ఇస్త్రీ చేసేముందు బట్టల మీద చల్లినట్టు చల్లి పంపించేస్తారు మీవాళ్లు."

మేబెల్‌కి అప్పుడు ఇరవై రెండేళ్లు. నవ్వు రాకూడని చోట నవ్వు రావడం ఆమెకి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. తల దించుకుని, చాలా వినయంగా చెప్పింది. "గోదావరిలోనండీ. వరద రోజులు. పాదిరిగారు ఒక చేత్తో నన్ను పట్టుకున్నారు, ఇంకో చేత్తో తాడు పట్టుకున్నారు. తాడు రెండో కొస పడవకి కట్టారు. పడవవాడికి ఈత రాదు."

పడవవాడి దగ్గర అందరూ నవ్వుతారని ఆమె అంచనా. ఎవరూ నవ్వలేదు. దేవమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "స్తోత్రం" అంది. స్వీటు తీసుకుంది.

అప్పుడే, ఊరికే అన్నానండీ అనేస్తే అయిపోయేది. కానీ పెళ్లిచూపుల్లో అమ్మాయి ఒక మాట అనడమే ఎక్కువ. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే రెండో మాట కావాలి. సంబంధం కుదిరిపోయింది. మేబెల్ వాళ్ల నాన్న ఒక్కసారి దగ్గి ఊరుకున్నాడు. ఆ దగ్గు మేబెల్‌కి ఈ పదకొండేళ్లుగా వినిపిస్తూనే ఉంది, ఆదివారం రొట్టెముక్క చేతిలోకి వచ్చినప్పుడల్లా.

కథ మాత్రం తిని బలిసింది. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ల తరగతిలో ప్రతి ఏడూ మేబెల్ దాన్ని చెప్పాలి. దేవమ్మ ఆసుపత్రుల్లో ప్రార్థనకి వెళ్లినప్పుడల్లా మంచం మంచానికీ ఆగి చెబుతుంది. మొసలిని మేబెల్ పెట్టలేదు. అది దేవమ్మ ఏదో వార్డులో చేర్చింది. అయినా దేవమ్మకి మొసలి మీద కన్నా తాడు మీదే ప్రేమ. "ఆ తాడు చూడండమ్మా" అంటుంది, అది అక్కడే సెలైన్ సీసా పక్కన వేలాడుతున్నట్టు.

ఆ ఏడు ఈస్టరుకి ముందు శనివారం మధ్యాహ్నం మేబెల్ నేల మీద కూర్చుని తెల్లంగీల అంచుల్లో ఇనప వాషర్లు పెట్టి కుడుతోంది. వెనకెప్పుడో ఒకావిడ తొట్టిలో దిగగానే అంగీ గొడుగులా పైకి తేలిందట. సంఘమంతా పాటల పుస్తకాల్లోకి తలలు దూర్చిందట. అప్పటినుంచి ఆడవాళ్ల అంగీలకి బరువులు కుట్టాలని దేవమ్మ చట్టం చేసింది. మగవాళ్లు ప్యాంటూ చొక్కాతో దిగుతారు, వాళ్లకి బరువులక్కర్లేదు. రాణీగంజ్ వెళ్లి వాషర్లు తేవడం, కుట్టడం, అంతా అయ్యాక తడి అంగీలు పిండి, తుప్పు మరకలు నిమ్మచెక్కతో రుద్ది, ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టడం మేబెల్ పని. వాషర్ల సంచితో ఆమె ఎక్కితే ఆటో ముందు చక్రం గాల్లోకి లేచి, డ్రైవరు సికింద్రాబాద్ స్టేషను దాకా ఆకాశం చూస్తూనే నడిపాడని చెప్పుకుంటారు. ఈ పని ఆమెకి ఎవరూ అప్పగించలేదు. పెళ్లైన కొత్తలో దేవమ్మ ఒకసారి తడి గుట్ట వైపు చూసి, "మరి ఈ బట్టలు..." అని సగంలో ఆపింది. మేబెల్ "నేనున్నాగా" అంది. అంతే.

ఇది కాక ఆమెకి జీతమొచ్చే ఉద్యోగం కూడా ఒకటుంది. ఇంట్లో వంట, అత్తగారి మాత్రలు, కూతురికి జడలు, అందరి డబ్బాలు అయ్యాక నేరేడ్‌మెట్ నుంచి బస్సులో స్టేషనుకి, అక్కడినుంచి కొత్తగా వచ్చిన ఎంఎంటీఎస్ రైల్లో బేగంపేటకి వెళుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు నోటినిండా తిండి పెట్టుకుని చెప్పే రోగాలన్నీ విని టైపు చేస్తుంది. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. ముందుకి తొక్కితే మాట నడుస్తుంది, వెనక్కి తొక్కితే చెప్పిందే మళ్లీ వినిపిస్తుంది. అర్థం కాని మాటని అర్థమయ్యేదాకా వెనక్కి తిప్పి వినాలి. ఆ అలవాటు ఇంటికి వచ్చినా పోలేదు. కుక్కరు పెట్టి నిలబడితే చాలు, కుడికాలు దానంతటదే నేలని తొక్కుతుంది, ఎప్పటెప్పటి మాటలో వెనక్కి వస్తాయి.

ఆమె భర్త యేసుదాసు కూడా బేగంపేటలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు. ఇంకొకళ్లు చేసిన పనిలో తప్పులు వెతకడం అతని వృత్తి. ఇంటికొచ్చాక ఓవర్‌టైం చేస్తాడు. చెడ్డవాడు కాదు, గొంతు పెంచడు. 'సాంబారు బానే ఉంది మేబెల్, కానీ నిన్నటి దానికీ దీనికీ కన్సిస్టెన్సీ లేదు.' పెడల్. 'నీకేంటి, ఏసీలో కూర్చుని చెవుల్లో అవి పెట్టుకుని వింటూంటావు. నా తలనొప్పి నీకేం తెలుస్తుంది?' పెడల్. ఆ సంక్రాంతి దాటాక ఆఫీసులో ఆమెని టీమ్ లీడ్‌గా ఉండమన్నారు. 'మంచిదే. మరి పొద్దున అమ్మకి టిఫినెవరు పెడతారు? ఊరికే అడుగుతున్నా. డెసిషన్ నీదే.' పెడల్. డెసిషన్ ఆమెదే కాబట్టి వద్దని చెప్పి వచ్చింది.

ఆదివారం ఆరాధనలో యేసుదాసుని సంఘ పెద్దగా నిలబెడుతున్నారు. అతనికి అది పదేళ్ల కోరిక. పెద్ద అయ్యేవాడి ఇంట్లో వంక ఉండకూడదు. భార్య బాప్తిస్మం పొంది, నలుగురికీ మాదిరిగా ఉండాలి. అందుకని పాస్టరు డేవిడ్ రాజుగారు, ఈసారి గోదావరి సాక్ష్యం తరగతిలో కాకుండా సంఘమంతటి ముందూ చెప్పించమన్నారు.

"ఐదు నిమిషాల్లో ముగించు," అన్నాడు యేసుదాసు కొత్త చొక్కా గుండీలు సరిచూసుకుంటూ. "మొసలి వద్దు. మొసలి దగ్గర క్రెడిబిలిటీ పోతుంది."

అంగీ పొడవు చూసుకోవడానికి డోరా వచ్చింది. ఇంటర్ పాసై అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న పిల్ల, రేపు మునిగేవాళ్లలో ఒకతి.

"ఏందాంటీ గిది, గింత బరువుంది," అంది అంగీ వేసుకుని. "మునిగినంక లేస్తనా?"

"ఇంతవరకూ అందరూ లేచారు. అడుగున ఎవరైనా ఉండిపోతే నాకు తెలిసేది కదా, తొట్టి కడిగేది నేనే."

డోరా నవ్వింది. తర్వాత కూర్చుని వాషర్లని చేతిలో ఆడించడం మొదలుపెట్టింది. ఒప్పుకోలు మాటలు నేర్పడం కూడా మేబెల్ పనే. మగపిల్లలకి ఒక్క వాక్యం చాలు, 'నేను లోకంలో తిరిగాను.' ఎక్కడ తిరిగావని ఎవరూ అడగరు. ఆడవాళ్లకి దేవమ్మ ఒక వరస తయారుచేసి ఉంచింది. పెద్దలకి ఎదురు చెప్పడం, టీవీ సీరియళ్లు, గోళ్లరంగు, పక్కింటి కబుర్లు. ఆడవాళ్ల పాపాలన్నీ గడప లోపలే దొరుకుతాయి, బస్సు చార్జీ కూడా దండగ కాదు.

"ఆంటీ, ఎదురు చెప్పిన అని ఒప్పుకోమన్నరు గదా. మా అమ్మకు ఎదురు చెప్పింది నిజమే. పెండ్లి చేస్తనంటే వద్దన్న, చదువుకుంట అన్న. రేపు అది తప్పు అని ఒప్పుకుంటే, ఎల్లుండి పెండ్లికి ఒప్పుకోవాల్నా?"

మేబెల్ సూది ఆగింది. "అలా అని కాదు. అది... అందరూ చెప్పేదే కదా."

"పాస్టరయ్యగారు గట్ల చెప్పలే ఆంటీ. మారుమనస్సంటే అందరు చెప్పేది చెప్పుడు కాదు, మనం చేసింది చూసుకునుడు అన్నరు." డోరా ఒక వాషర్ని కంటికి అడ్డం పెట్టుకుని అందులోంచి చూసింది. "మీరేం ఒప్పుకున్నరు, గోదావరిల? తాడున్నది, పడవున్నది, మొసలి సుత ఉన్నది. మీ పాపం యాడున్నది?"

"మర్చిపోయాను."

"మొసలి యాదికుండి పాపం యాదికి లేదా?"

ఆ పిల్ల ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడిగింది. మేబెల్ దారం తెంపడానికి తల వంచి, కావలసినదానికన్నా చాలాసేపు ఆ దారాన్నే కొరుకుతూ ఉండిపోయింది.

డోరా వెళ్లిపోయాక, సాయంత్రం చపాతీలు ఒత్తుతూ మేబెల్ యోహాను గురించి ఆలోచించింది. నది ఒడ్డుకి వచ్చినవాళ్లందరూ, మరి మేమేం చేయాలి అని అడిగారు. ఆయన ఒక్కొక్కరికీ వాళ్ల వాళ్ల పనిని బట్టి చెప్పాడు. రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి లేనివాడికి ఇవ్వమన్నాడు. పన్ను వసూలు చేసేవాణ్ణి ఎక్కువ గుంజొద్దన్నాడు. సైనికుణ్ణి జనాన్ని బెదిరించొద్దన్నాడు. గోళ్లరంగు గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆడవాళ్లు అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఊళ్లకి ఊళ్లు వచ్చి మునిగి లేచాయి కదా, ఆ తడి బట్టలన్నీ ఎవరు పిండారో ఏ సువార్తలోనూ రాయలేదు. బహుశా ఆడవాళ్లు ఆ పనిలో ఉండి ఉంటారు, అందుకే అడగడానికి తీరి ఉండదు. తీరి, తను వెళ్లి, నేనేం చేయాలయ్యా అని అడిగితే ఆయన ఏమనేవాడు? ముందు, నువ్వేం చేశావు అని అడిగేవాడు. కుడికాలు నేలని తొక్కింది. అలిసిపోలేదుగా మేబెల్? నువ్వు తిన్నావా మేబెల్? ఆ పోస్టు వదులుకున్నందుకు బాధేం లేదుగా? ఇన్నాళ్లూ వెనక్కి తిప్పి తిప్పి ఆమె వాళ్ల మాటలే వింది. ఆ సాయంత్రం పెడల్ కొంచెం ఎక్కువ నొక్కుకుపోయిందేమో, ఆ మాటల వెనక వచ్చే తన గొంతు వినిపించింది. నాకేం అలసటండీ. నేను తినేశాను. అదేం పెద్ద ఉద్యోగం కాదులెండి. నేనున్నాగా. వాటిలో ఒక్కటీ నిజం కాదు. గోదావరి అబద్ధం ఏడాదికోసారి చెప్పేది. ఇవి పూటపూటా చెప్పేవి. ఈ ఇల్లు సిమెంటు మీద నిలబడిందని యేసుదాసు అనుకుంటున్నాడు. వీటి మీద నిలబడి ఉంది.

చపాతీ మాడింది. ఆ ఇంట్లో అది వార్త.

"ఏమైంది?" అన్నాడు యేసుదాసు, కంచంలో మాడిన మచ్చని వేలితో చూపిస్తూ.

"ఆలోచిస్తున్నానండీ."

"వంట చేసేటప్పుడా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

భోజనాలయ్యాక ఆమె అంగీలన్నీ మడతపెట్టి సంచిలో సర్దింది. ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంటుంది. దానికి వాషర్లు కుట్టలేదు. దాని కింద యేసుదాసు పాత ఆఫీసు ప్యాంటు ఒకటి పెట్టింది. ఎందుకు పెట్టిందో ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె కూడా తనకి తాను చెప్పుకోలేదు.

ఈస్టరు ఉదయం గుడి నిండిపోయింది. పలకలు తీసేశారు. తొట్టిలో ట్యాంకరు నీళ్లు కదలకుండా ఉన్నాయి. యేసుదాసు ముందు వరసలో, అతని తల్లి ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు మేబెల్‌ని పిలిచారు. దేవమ్మ అప్పుడే కళ్లజోడు తీసి చేతిలో సిద్ధంగా పట్టుకుంది.

"అందరికీ వందనాలు," అంది మేబెల్ మైకులో. "నేను గోదావరి గురించి చెప్పాలి. నేను గోదావరిలో మునగలేదండీ. ఎక్కడా మునగలేదు. పసిపిల్లప్పుడు నుదుట మూడు చుక్కలు పెట్టారు, అంతే. పెళ్లిచూపుల్లో నవ్విద్దామని ఒక మాటన్నాను. ఎవరూ నవ్వలేదు. మునగకుండానే ఇన్నాళ్లూ మీతో కూర్చుని రొట్టె తిన్నాను. తప్పు నాది. క్షమించండి."

కంపెనీ దాటి కస్టమరు దగ్గరికి వెళ్లిపోయాక బయటపడ్డ తప్పుని చూసినట్టు చూశాడు యేసుదాసు. దేవమ్మ లేచి నిలబడింది.

"మరి తాడు?"

"తాడు కూడా లేదత్తయ్యగారూ."

దేవమ్మ కూర్చుండిపోయింది. మొసలి గురించి అడగలేదు. అది ఎవరిదో ఆవిడకి తెలుసు.

డేవిడ్ రాజుగారు పెద్దమనిషి, ఎన్నో ఒప్పుకోళ్లు విన్నవారు. ముందు యేసుదాసు వైపు తిరిగి, "మన పెద్దరికం సంగతి ఇంకో ఆదివారం చూద్దాం దాసుగారూ," అన్నారు. తర్వాత మేబెల్ వైపు తిరిగారు. "నీళ్లున్నాయి. సాయంత్రానికి వదిలెయ్యాలి. నీ ఇష్టమేంటమ్మా?"

ఆ చివరి మాట దగ్గర మేబెల్ కుడికాలు పెడల్ కోసం వెతికింది. ఇంకోసారి వినాలనిపించింది.

"దిగుతానండి," అంది.

పక్క గదిలోకి వెళ్లి, ప్యాంటు మీద అంగీ తొడుక్కుని వచ్చింది. వరసలో ఉన్న డోరా జరిగి చోటిచ్చింది. తొట్టి అంచున పాస్టరుగారు అందరినీ అడిగేదే అడిగారు, దేని విషయం మారుమనస్సు పొందావని. దేవమ్మ వరస మేబెల్ నోటికి వచ్చింది. దాన్ని మింగేసింది.

"అలిసిపోయినా లేదన్నానండీ. ఆకలేసినా తిన్నానన్నాను. నా పని పెద్ద పని కాదన్నాను. అన్నీ అబద్ధాలే. మా ఇంట్లోవాళ్లు నమ్మారు. అంత తేలిగ్గా నమ్మినందుకు వాళ్ల తప్పు కూడా కొంతుంది, అది వాళ్లు ఒప్పుకోవాలి. నాది నేను ఒప్పుకుంటున్నాను."

ఆడవాళ్ల వైపు ఎవరో దగ్గారు. ఆ దగ్గు వరస వెంట పాకుతూ వెనక గోడ దాకా వెళ్లింది.

మొదటి మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు మీద పాచి ఎక్కడుందో ప్రపంచంలో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు కాబట్టి సరిగ్గా అక్కడే కాలు పెట్టి జారింది. పై నుంచి ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడి, గాజులతో. దేవమ్మ తొట్టి అంచున గొంతుక్కూర్చుని ఉంది. ముఖంలో కోపం అలాగే ఉంది.

"తాడు లేదన్నావుగా. చెయ్యి పట్టుకో."

మేబెల్ పట్టుకుంది. నడుంలోతు దిగాక వదిలింది. అంగీ తెల్లగా, నిదానంగా, గొడుగులా పైకి తేలింది. యేసుదాసు ఆఫీసు ప్యాంటు సంఘమంతటికీ దర్శనమిచ్చింది. పుస్తకాల్లోకి తలలు దూర్చేలోపే నీళ్లు ఆమె తల మీదుగా మూసుకున్నాయి.

లోపల చప్పుడు లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక డాక్టరు మాట మొదలయ్యే ముందు ఒక క్షణం ఉంటుంది, అలా ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పాస్టరుగారు లేపకపోతే ఆమె అక్కడే కాపురం పెట్టేదే.

ఆరాధన అయిపోయింది. డోరా ఎదురు చెప్పడం గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, పరీక్షలో స్నేహితురాలికి జవాబులు చూపించానని ఒప్పుకుని మునిగింది, లేచి తుమ్మింది. పక్క గదిలో తడి అంగీలు పెద్ద ప్లాస్టిక్ బుట్టలో గుట్టగా పడి ఉన్నాయి. మేబెల్, డోరా పొడి బట్టలు మార్చుకుని, తువ్వాళ్లు కప్పుకుని నిలబడ్డారు. తలుపు దగ్గరికి యేసుదాసు వచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. అమ్మ పొద్దుట్నుంచి టీ తాగలేదు, నువ్వు కొంచెం త్వరగా రా. మరి ఈ బట్టలు..." అని గుట్ట వైపు చూసి ఆగాడు. తర్వాత, అలవాటు కొద్దీ, "అలిసిపోలేదుగా?" అన్నాడు.

"లేదండీ, నేనున్నాగా," అంది మేబెల్.

డోరా తుడుచుకోవడం ఆపి ఆమె వైపు చూసింది.

"ఆంటీ," అంది మెల్లగా, "జుట్టు సుత ఆరలే."

మేబెల్ చెయ్యి పెట్టి తల తడుముకుంది. నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి, మెడ మీదుగా, వీపు మీదుగా, నేల మీదికి.

"అబద్ధం చెప్పానండీ," అంది భర్తతో. "అలిసిపోయాను. టీ మీరు పెట్టండి. ఆ బుట్ట కూడా మీరే ఎత్తండి. జాగ్రత్త, చాలా బరువుంటుంది."